తల ఎంత చోటు అడుగుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సబ్బులు, షాంపూలు, డిష్‌వాష్ ద్రవాల మీద అడిగినవే ఎక్కువ. ప్రశ్నలు వేరువేరుగా కనిపిస్తున్నా అన్నీ ఒకచోటికే వస్తున్నాయి: తలా తోకా ఉన్న ఆ అణువులు నీళ్ళలో ఏ ఆకారంలో గుంపు కడతాయి? అందుకే వాటికి ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: డిష్‌వాష్ లిక్విడ్ చేద్దామని 70 శాతం ఎస్.ఎల్.ఇ.ఎస్. పేస్టు తెచ్చాం. డబ్బాలోంచి తేనెలా బాగానే జారింది. పలచన చేయడానికి అందులో రెండు మగ్గుల నీళ్ళు పోసి తిప్పితే జున్నులా బిగుసుకుపోయింది, గరిటె కదలడం లేదు. నీళ్ళు పోస్తే గట్టిపడటం ఏమిటండీ? పేస్టు కల్తీదా?
– మహిళా సంఘం సభ్యురాలు, తెనాలి

జవాబు: కల్తీ కాదమ్మా, పేస్టు మంచిదే. నీళ్ళు పోసిన వరస తిరగబడింది.

ఎస్.ఎల్.ఇ.ఎస్. అంటే సోడియం లారిల్ ఈథర్ సల్ఫేట్, నురగనిచ్చి మురికి తీసే సరుకు. దాని అణువుకి నీళ్ళంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్ళంటే పడని పొడుగాటి తోక ఒకటి ఉంటాయి. తోకలు లోపలికి దాక్కుని, తలలు నీళ్ళవైపు తిరిగేలా అణువులు గుంపు కడతాయి. పేస్టులో 70 వంతులు సరుకైతే నీళ్ళు 30 వంతులే. తలలకి చాలినంత నీరు అందదు, ఒకదానికొకటి దగ్గరగా ఇరుక్కుంటాయి. అప్పుడు కుదిరే ఆకారం రెండు వరసల పలక. అట్లాంటి పలకలు పుస్తకంలో కాగితాల్లా పేర్చి ఉంటాయి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారుతాయి కనుక పేస్టు కారుతుంది.

కొంచెం నీళ్ళు పోసి సుమారు 30 – 60 శాతం మధ్యకి తెచ్చారనుకోండి. తలలు నీళ్ళు తాగి ఎక్కువ చోటు అడుగుతాయి. పలక వంగి పొడుగాటి కడ్డీలుగా మారుతుంది. ఆ కడ్డీలు కట్టెలమోపులా, తేనెపట్టు గళ్ళ వరసలో బిగిసిపోతాయి. ఒక కడ్డీని తోస్తే ఆరు వైపులా ఆరు కడ్డీలు అడ్డం. మీ గరిటె చిక్కుకున్నది అందులోనే. ఇంకా నీళ్ళు చేరి 28 శాతానికో ఆ దిగువకో వస్తే ఆ మోపు విడిపోయి, చిన్న చిన్న ఉండలై, ద్రవం మళ్ళీ పారుతుంది. బజారులో ఈ సరుకు 70 శాతంగానో 28 శాతంగానో దొరకడానికి కారణం ఇదే. మధ్యలో 45 శాతం సరుకు చేస్తే అది ఏ పంపులోనూ నడవదు.

కాబట్టి పేస్టులో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలో పేస్టు వేయాలి. 10 కిలోల తయారీకి లెక్క ఇలా పెట్టుకోండి. టబ్బులో 7 కిలోల ఆర్.ఓ. నీళ్ళు, 40 డిగ్రీల గోరువెచ్చదనం చాలు. 1.5 కిలోల పేస్టును పిడికెడు పిడికెడు ముద్దలుగా అందులో జారవిడవండి. కర్రతో అడుగునుంచి నెమ్మదిగా తిప్పండి. డ్రిల్లుకి బ్లేడు బిగించి తిప్పితే నురగ తప్ప ఏమీ రాదు. ప్రతి ముద్ద పైపొర జిగురు దశను దాటుకుంటూ కరగాలి, దానికి టైము పడుతుంది. మూతపెట్టి రాత్రంతా వదిలేయడం అన్నిటికన్నా మేలు. పొద్దున్నే సి.ఎ.పి.బి. అని పిలిచే, నురగకి తోడుగా వేసే బీటైన్ ద్రావణం, 30 శాతంది, అర కిలో కలపండి. ఇప్పటికి 9 కిలోలైంది. మిగతా కిలో ఉప్పునీళ్ళకి అట్టేపెట్టుకోండి, దాని సంగతి తర్వాతి జవాబులో ఉంది.

ఇప్పటికే బిగుసుకున్న ముద్దను పారేయకండి. కత్తితో ముక్కలు చేసి, మిగిలిన నీళ్ళన్నీ వెచ్చగా చేసి దానిమీద పోసి, కదపకుండా పది పన్నెండు గంటలు ఉంచండి. దానంతట అదే కరుగుతుంది.

ప్రశ్న: ఉప్పు వేస్తే లిక్విడ్ చిక్కబడుతుందని విని వేశాం. మొదట బాగా చిక్కబడింది. ఇంకొంచెం వేస్తే ఇంకా చిక్కబడుతుందని వేస్తే నీళ్ళలా అయిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– చిరు వ్యాపారి, నిజామాబాద్

జవాబు: ఈ ప్రశ్న పంపినవాళ్ళు మీరొక్కరే కాదు.

ఎస్.ఎల్.ఇ.ఎస్. తల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే జాతి తలలు కనుక ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే ఒక్కోటి పెద్ద చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది. పెద్ద తల, సన్నటి తోక అంటే వేరుశనగల పొట్లం ఆకారం. అట్లాంటి పొట్లాలు చుట్టూ పేరిస్తే వచ్చేది బంతి. బంతులు నీళ్ళలో ఎన్ని ఉన్నా ద్రవం పలచగానే ఉంటుంది. ఉప్పులోని సోడియం అయాన్లు తలల మధ్య చేరి ఆ తోపులాటను తగ్గిస్తాయి. తలలు దగ్గరికి జరుగుతాయి, పొట్లం మూతి సన్నబడుతుంది, బంతి సాగి కడ్డీ అవుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ కడ్డీ పొడుగై వానపాములా వంకర్లు తిరిగి పక్కవాటితో పెనవేసుకుంటుంది. నూడుల్స్ గిన్నెలో గరిటె తిరగనట్టే ద్రవం చిక్కబడుతుంది.

ఇంకా ఉప్పు పడితే ఆ వానపాములు కొమ్మలు వేయడం మొదలుపెడతాయి. కొమ్మ అతుకు ఒకచోట నిలవదు, పాము ఒళ్ళంతా జారుతూ పోతుంది. దాంతో చిక్కు సులభంగా విడిపోయి ద్రవం పలచబడుతుంది. ఆపైన కూడా వేస్తే తెల్లగా మసకబారి రెండు పొరలుగా విడిపోతుంది. అంటే చిక్కదనం కొండెక్కి దిగుతుంది. మీరు శిఖరం దాటి అవతలివైపు దిగిపోయారు.

శిఖరం ఎక్కడుందో ప్రతి తయారీకీ వెతుక్కోవాల్సిందే. పుస్తకంలోనో వీడియోలోనో చూసిన ఉప్పు కొలత మీ పేస్టుకి సరిపోతుందన్న హామీ లేదు. పద్ధతి మాత్రం తేలిక. 250 గ్రాముల శుద్ధి చేసిన ఉప్పు 750 గ్రాముల నీళ్ళలో కరిగించండి. ఇది 25 శాతం ఉప్పునీరు. కళ్ళుప్పు వద్దు, అందులోని మెగ్నీషియం, కాల్షియం మీ లెక్కను జరిపేస్తాయి, మట్టి మసకను తెస్తుంది. పైన చెప్పిన 9 కిలోల సరుకులోంచి 90 గ్రాముల చొప్పున ఐదు గ్లాసుల్లోకి తీసి, వరసగా 2, 4, 6, 8, 10 గ్రాముల ఉప్పునీరు పోయండి. తక్కువ పడిన గ్లాసుల్లో మామూలు నీళ్ళు పోసి అన్నిటినీ 100 గ్రాములు చేయండి. అంటే ఉప్పు 0.5, 1, 1.5, 2, 2.5 శాతం. బీటైన్ ద్రావణంలో కూడా తయారీలో మిగిలిన ఉప్పు కొంత ఉంటుందని మరచిపోకండి.

నురగ తేరుకున్నాక ఒకేరకం సీసాల్లో, పైన వేలెడు ఖాళీ వదిలి నింపి, మూతపెట్టి తలకిందులు చేయండి. గాలిబుడగ పైకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. అన్నిటికన్నా ఎక్కువ సెకన్లు పట్టిన సీసా శిఖరం. మీరు మాత్రం దానికన్నా ఒక మెట్టు తక్కువ ఉప్పు దగ్గర ఆగండి. పేస్టు లాటు మారినా, వాడే నీళ్ళలో ఉప్పు ఎక్కువున్నా అవతలికి జారిపోకుండా కొంత జాగా ఉంటుంది. ఈ పరీక్ష 25 డిగ్రీల దగ్గర ఒకసారి, 40 దగ్గర ఒకసారి చేయాలి. వానపాములు వేడికి పొట్టివవుతాయి. జనవరిలో గట్టిగా ఉన్న సీసా మే నెలలో నీళ్ళలా కారిందంటే కారణం అదే.

ఇప్పటికే ఉప్పు ఎక్కువైన సరుకుకి నీళ్ళొక్కటే కలపకండి, సరుకు బలం పడిపోతుంది. ఉప్పు వేయని కొత్త సరుకు మరొకటి చేసి, చిన్న గ్లాసుల్లో పాళ్ళు తేల్చుకుని రెండూ కలపండి.

ప్రశ్న: ఇదే లిక్విడ్ చక్కగా చిక్కగా వచ్చాక 10 కిలోలకి 50 మి.లీ. నిమ్మ వాసన నూనె వేస్తే పలచబడింది. ఇంకో రకం సువాసన వేస్తే పైగా చిక్కబడింది!
– తెనాలి సంఘం నుంచే మరొకరు

జవాబు: నిమ్మ నూనెలో ముఖ్యమైనది లిమొనీన్. దానికి నీళ్ళంటే ఏ మాత్రం పడదు, అందుకని నేరుగా తోకల మధ్యకి, గుంపు గర్భంలోకి పోయి కూర్చుంటుంది. లోపల నూనె నిండిన వానపాము ఉబ్బి, తెగి, బంతులవుతుంది. లినలూల్, జెరానియాల్ లాంటి వాసనద్రవ్యాలకి ఒక చివర హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. అవి తలల మధ్య మేకుల్లా దిగుతాయి. తల చోటు పెంచకుండా తోకల బరువు పెంచుతాయి, పాము ఇంకా పొడుగవుతుంది. మీ రెండో సువాసన ఆ జాతిది అయివుంటుంది. వాసన 0.2 – 0.3 శాతానికి దించి, ఉప్పు పరీక్షను ఈసారి వాసన వేసిన సరుకుతోనే చేయండి. ఆఖర్న వేసే ప్రొపిలీన్ గ్లైకాల్, స్పిరిటు కూడా పలచబరిచేవే.

ప్రశ్న: ప్యాకింగ్ పారామీటర్ 1/3 లోపు అయితే గోళం, 1/2 లోపు అయితే కడ్డీ, 1 లోపు అయితే పలక అని చదివాం. ఈ అంకెలు ఎక్కడివి? తోక పొడుగు చేస్తే పారామీటర్ పెరిగి గోళం కడ్డీ అవుతుందని మా నోట్సులో ఉంది, నిజమేనా?
– ఎం.ఎస్సీ. విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అంకెలు బడి జ్యామితిలోంచే వచ్చాయి. గోళం ఘనపరిమాణాన్ని ఉపరితలంతో భాగిస్తే వ్యాసార్ధంలో మూడోవంతు వస్తుంది. గోళం మొత్తానికి వర్తించే నిష్పత్తే అందులో ఒక్కో అణువుకీ వర్తిస్తుంది: తోక ఘనపరిమాణం ÷ తల వైశాల్యం = వ్యాసార్ధం ÷ 3. వ్యాసార్ధం పూర్తిగా చాచిన తోక పొడవును మించకూడదు, మించితే నడుమ ఖాళీ మిగులుతుంది. ప్రకృతి ఆ ఖాళీని ఉంచదు. కాబట్టి ఘనపరిమాణం ÷ (వైశాల్యం × పొడవు) 1/3 దాటకూడదు. ఈ నిష్పత్తే ప్యాకింగ్ పారామీటర్. కడ్డీకి ఇదే లెక్క వేస్తే మూడు బదులు రెండు, పలకకి ఒకటి. ఈ ఆలోచనను ఇజ్రాయెలాష్‌విలి, మిచెల్, నిన్‌హమ్ 1976లో ఒక రూపానికి తెచ్చారు.

రెండో సంగతి దగ్గర మీ నోట్సు తప్పు. చాలా నోట్సుల్లో ఉన్న తప్పే. తోక కొలతలకి టాన్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రాలు తీసుకోండి: కార్బన్లు ఎన్నో చూసి, పొడవు = 0.15 + 0.1265 × కార్బన్లు నానోమీటర్లు; ఘనపరిమాణం = 0.0274 + 0.0269 × కార్బన్లు ఘన నానోమీటర్లు. 12 కార్బన్లకి పొడవు 1.67, ఘనపరిమాణం 0.350. భాగిస్తే 0.21. 16 కార్బన్లకి 2.17, 0.458, భాగిస్తే మళ్ళీ 0.21! తోక పొడుగైతే ఘనపరిమాణం కూడా అదే పాళ్ళలో పెరుగుతుంది, రెండూ కొట్టేసుకుపోతాయి. ఒంటితోక అణువుకి పారామీటర్ అంటే 0.21 ÷ తల వైశాల్యం, అంతే. తల 0.63 చదరపు నానోమీటర్లకన్నా ఎక్కువ అడిగితే బంతి, 0.63 – 0.42 మధ్య కడ్డీ, ఆ కింద పలక. జంటతోకలకైతే 0.42 ÷ వైశాల్యం. పరీక్షకి ఇదొక్కటి గుర్తుంటే పట్టిక బట్టీ పట్టనక్కర్లేదు. అలాగని తోక పాత్ర శూన్యం అనుకోకండి. లోపల తోకలు సర్దుకోవడానికి పడే అవస్థ తల వైశాల్యాన్నే మారుస్తుందని ఆర్. నాగరాజన్ 2002లో చూపించారు. తోక ప్రభావం సూత్రంలో నేరుగా కనబడదు, వైశాల్యం మాటున వస్తుంది.

12 కార్బన్ల తోక ఉన్న సోడియం డోడెసిల్ సల్ఫేట్‌తో సరిచూసుకోండి. 1.67 వ్యాసార్ధమున్న గోళంలో 0.350 ఘనపరిమాణమున్న తోకలు సుమారు 56 పడతాయి. ప్రయోగంలో వచ్చేది 60 పైచిలుకు. 62 తోకలకి నిఖార్సైన గోళం కట్టాలంటే వ్యాసార్ధం 1.73 కావాలి, తోక అంత పొడుగు లేదు. అందుకే ఆ మైసెల్ (నీళ్ళలో ఈ అణువులు కట్టే గుంపు) సరైన బంతి కాదు, కాస్త కోడిగుడ్డు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. తల వైశాల్యం అంటే స్కేలు పెట్టి కొలిచిన సల్ఫేట్ గుంపు సైజు కాదు. ఆ నీళ్ళలో, ఆ ఉప్పులో, ఆ వేడిలో ఒక్కో అణువు గుంపు ఉపరితలం మీద ఆక్రమించే చోటు. అణువు బొమ్మను చూసి పారామీటర్ చెప్పేసే ప్రశ్నలు పరీక్ష పేపర్లలో కనబడుతుంటాయి. ద్రావణం సంగతి చెప్పకుండా వాటికి జవాబు లేదు.

ప్రశ్న: బ్లాక్ ఫంగస్ రోజుల్లో లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు గురించి విన్నాం. లైపోసోమ్‌లు లెసిథిన్ జాతి కొవ్వులతోనే ఎందుకు? సబ్బు లాంటి చవక అణువుతో చేయలేమా?
– ఫార్మసీ విద్యార్థిని, వరంగల్

జవాబు: లెసిథిన్ అంటే గుడ్డు సొనలో, సోయాలో దొరికే కొవ్వు. దాని తల సుమారు 0.65 చదరపు నానోమీటర్లు అడుగుతుంది, తోకలు రెండు. 0.42 ÷ 0.65 = 0.65. ఇది పలకల కోవ. పలక అంచులు నీళ్ళకి బయటపడకుండా ముడుచుకుని మూసుకుంటే నీళ్ళ సంచి అవుతుంది, అదే లైపోసోమ్. పైగా రెండు తోకలవల్ల అణువు నీళ్ళలో విడిగా దాదాపు కరగదు. రక్తంలోకి పోగానే విపరీతంగా పలచనైనా సంచి విడిపోదు. డోడెసిల్ సల్ఫేట్ గుంపులు లీటరుకి 2.4 గ్రాముల దిగువకి పలచన చేయగానే విచ్చిపోతాయి.

ఇప్పుడు లెసిథిన్ తోకల్లో ఒకటి తెంపండి. తల అదే, తోక ఒకటే: 0.21 ÷ 0.65 = 0.32. పలక కట్టే అణువు కాస్తా బంతి కట్టే అణువైపోయింది. ఈ తెంపడం ప్రయోగశాలలో కన్నా ముందు పాములు నేర్చాయి. తాచు విషంలోని ఫాస్ఫోలైపేజ్ ఎ2 ఎంజైమ్ చేసే పని కణపొరల్లోని కొవ్వు అణువుకి రెండో తోకను కోసేయడమే. మిగిలినదాన్ని లైసోలెసిథిన్ అంటారు. ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది కనుకే ఆ పేరు. చదునైన పొరలో వంపు కోరే అణువులు ఎక్కువైతే పొర నిలవదు.

ప్రశ్న: బెంజల్కోనియం ఉన్న ఫ్లోర్ క్లీనర్‌లో బట్టల లిక్విడ్ కలిపితే తెల్లగా విరిగింది. వాడొచ్చా?
– గృహిణి, ఒంగోలు

జవాబు: వాడినా ఉపయోగం లేదు. ఒకటి ధనావేశపు తల, ఇంకొకటి రుణావేశపు తల. రెండూ జతకట్టి ఆవేశాలు పోగొట్టుకుని, రెండు తోకలకి చిన్న తల మిగిలిన అణువులా అవుతాయి. నీళ్ళు దాన్ని నిలుపుకోలేవు, పెరుగులా తేలుతుంది. క్రిములను చంపేదీ మురికి తీసేదీ రెండూ ఆ తెలుపులోనే పోయాయి. ముందు లిక్విడ్‌తో తుడిచి, నీళ్ళతో కడిగి, ఆ తర్వాత బెంజల్కోనియం వాడండి.

ప్రశ్న: వానపాము మైసెల్‌ను పిల్లలకి కళ్ళారా చూపించే ప్రయోగం ఏదైనా ఉందా? మా కాలేజీ ల్యాబులో డీ.ఎన్.ఏ. తీయడానికి తెచ్చిన సీటాబ్ ఉంది.
– అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: అయితే మీ దగ్గర సగం ఉన్నట్టే. సీటాబ్ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్) కూడా తలా తోకా ఉన్న అణువే, తల మాత్రం ధనావేశానిది. సీటాబ్ 1.82 గ్రాములు 50 మి.లీ. నీళ్ళలో 40 డిగ్రీల దగ్గర కరిగించండి. 25 డిగ్రీల దిగువన అది స్ఫటికాలై కూర్చుంటుంది, కనుక చలికాలం ఉదయాన చేస్తే తెల్లటి తుక్కు తప్ప ఏమీ కనబడదు. సోడియం సాలిసిలేట్ 0.80 గ్రాములు వేరే 50 మి.లీ. నీళ్ళలో కరిగించండి. రెండూ నీళ్ళలాగే ఉన్నాయని పిల్లలకి ముందు వంచి చూపించి, అప్పుడు కలపండి. చేతిలోనే జిగటపడుతుంది. బుడగలు కొన్ని ఉండగా బీకరును గుండ్రంగా తిప్పి చటుక్కున ఆపండి. బుడగలు ఆగి, ఒక్క క్షణం వెనక్కి లాగినట్టు తిరుగుతాయి. పెనవేసుకున్న పాములు రబ్బరులా సాగి వెనక్కి గుంజడమే ఆ కనబడింది. సాలిసిలేట్‌కి రుణావేశంతోపాటు బెంజీన్ వలయం ఉంది. అది తలల నడుమ దిగి తిష్ఠ వేస్తుంది. వంటింటి ఉప్పు ఇంత తక్కువ పాళ్ళలో ఈ పని చేయలేదు. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. సీటాబ్ చేపలకి విషం, మిగిలినదాన్ని కాలువలో పోయనివ్వకండి.

ప్రశ్న: కుంకుడు రసంతో షాంపూ చేస్తున్నాం. ఉప్పు ఎంత వేసినా చిక్కబడటం లేదు.
– పాఠకురాలు, సిద్ధిపేట

జవాబు: చిక్కబడదండీ. కుంకుడులోని సపోనిన్ తలలో ఎక్కువ భాగం చక్కెర గొలుసులే, ఆవేశం నామమాత్రం. తగ్గించడానికి తోపులాటే లేనప్పుడు ఉప్పు ఏం చేస్తుంది? తోక కూడా మెత్తటి గొలుసు కాదు, అతుక్కున్న వలయాల గట్టి పలక. పైన విద్యార్థికి చెప్పిన 0.21 లెక్క దీనికి పనికిరాదు. జాంతాన్ గమ్ 0.5 శాతంతో మొదలుపెట్టండి. దాన్ని ముందు కాస్త గ్లిజరిన్‌లో తడిపి, రసాన్ని తిప్పుతూ సన్నగా వదలండి, లేకపోతే చేపకళ్ళలా ఉండలు కడుతుంది. రసం ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది కనుక నిల్వకి ప్రిజర్వేటివ్ లేకుండా సీసాలో పోయకండి.